ఏలూరు, కొల్లేరు సీమలో పాస్‌పోర్టు చరిత్ర

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల నుంచి విదేశాలకు బయల్దేరేవారిని ప్రయాణం దగ్గరపడ్డాక ఆపేసే పాస్‌పోర్టు చిక్కులు చాలావరకు పాతవే. టిక్కెట్టు చేతికొచ్చాక బయటపడతాయి గనుక అప్పటికప్పుడు పుట్టుకొచ్చినట్టు ఉంటాయి. మూలం మాత్రం ఎప్పుడో బడి రిజిస్టరులో పడిన తేదీలోనో, పెళ్ళి తర్వాత మారిన ఇంటిపేరులోనో, అసలు నమోదే కాని పుట్టుకలోనో ఉంటుంది. ఈ ప్రాంతం కాగితం పట్టుకుని సముద్రం దాటడం మొదలుపెట్టి నూట అరవై ఏళ్ళు దాటింది.

పాస్‌పోర్టుకు ముందు పాసు ఉండేది. 1860లో ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి తొలి కూలీలను దక్షిణాఫ్రికాలోని నటాలుకు చేర్చింది. 1911 దాకా సాగిన ఆ వలసలో కోస్తా జిల్లాల తెలుగువాళ్ళూ ఉన్నారు. ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చలు రాసుకునేవారు. చెప్పేది చదువురాని మనిషి, రాసేది ఇంగ్లీషు గుమాస్తా. ఊరి పేరు, మనిషి పేరు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా కాగితం మీదికెక్కాయి. ఆ కూలీల మునిమనవలు ఇవాళ తమ పూర్వీకుల ఊరేదో వెతుక్కోవాలంటే ఆ రాతల దగ్గరే ఆగిపోవాల్సి వస్తోంది.

బర్మా ప్రయాణానికి ఆపాటి కాగితం కూడా అక్కర్లేకపోయింది. 1937 ఏప్రిల్ 1న విడిపోయేదాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాకినాడలోనో విశాఖపట్నంలోనో ఓడెక్కి రంగూన్‌లో దిగడమే. మేస్త్రీ మాట, ఓడ టిక్కెట్టు చాలు. అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చిన తెలుగువాళ్ళకు కోరంగి రేవు మీదుగా ‘కోరంగీలు’ అనే పేరు స్థిరపడింది. 1942లో జపాను దాడికి కాలినడకన పారిపోయి వచ్చినవాళ్ళు, 1960ల్లో నె విన్ ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక తిరిగొచ్చినవాళ్ళు ఎందరో. తాతల నాడు కాగితం లేకుండా వెళ్ళిన కుటుంబాలు ఏ దేశానికి చెందుతాయో కాగితాల మీద తేలాల్సి వచ్చింది అప్పుడే.

పాస్‌పోర్టు అనే పుస్తకం మొదటి ప్రపంచయుద్ధ కాలపు కట్టుబాట్లతో వచ్చింది. 1920లో వచ్చిన చట్టం దేశంలోకి వచ్చేవారి సంగతే చూసింది. దేశం విడిచి వెళ్ళేవారికి పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం స్వాతంత్ర్యం వచ్చిన ఇరవై ఏళ్ళ దాకా ప్రభుత్వం ఇష్టం. ఈ పరిస్థితిని మార్చిన తీర్పు రాసింది గోదావరి మనిషే. ఢిల్లీ వ్యాపారి సత్వంత్ సింగ్ సాహ్నీని పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చేయమని అధికారులు ఆదేశిస్తే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళారు. విదేశీ ప్రయాణం కూడా రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన వ్యక్తిస్వేచ్ఛలో భాగమేనని, చట్టమంటూ లేకుండా ప్రభుత్వం దాన్ని కాదనలేదని 1967 ఏప్రిల్ 10న అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు తేల్చారు. ఆ ముగ్గురి తరఫున తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు రాజమహేంద్రవరంలో పుట్టినవారు. మర్నాడే ఆయన పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. చట్టం లేకపోవడమే తప్పని కోర్టు అనడంతో ప్రభుత్వం ముందు ఆర్డినెన్సు, తర్వాత చట్టం తెచ్చింది. 1967 జూన్ 24న అమల్లోకి వచ్చిన పాస్‌పోర్టుల చట్టమే నేటికీ ఆధారం. కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషి కారణం అడగగలుగుతున్నాడంటే, నిరాకరణపై అప్పీలు చేసుకోగలుగుతున్నాడంటే అది ఈ తీర్పు చలవే. గోదావరి జిల్లాల్లో దీన్ని ఇంకా ఎక్కువగా తలుచుకోవాల్సింది.

హక్కు దక్కింది గానీ కార్యాలయం దగ్గరకు రాలేదు. 1954లో దేశంలో తెరిచిన తొలి ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయాల్లో తెలుగువాళ్ళకు దగ్గరిది మద్రాసే. ఆ తర్వాత సికింద్రాబాద్, విశాఖపట్నం కార్యాలయాలు వచ్చాయి. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో రాత్రి రైలెక్కి, పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి వరసలో నిలబడటం ఒక తరానికి మామూలు అనుభవం. ఒక జిరాక్సు తక్కువైతే ఆ రోజు పోయినట్టే. ఏజెంటు వ్యవస్థ బలపడింది ఈ దూరం వల్లే.

1970ల్లో చమురు ధర పెరిగాక గల్ఫ్ దారి తెరుచుకుంది. కడప జిల్లాతో పాటు ఉభయ గోదావరి జిల్లాల నుంచి, ముఖ్యంగా నరసాపురం, పాలకొల్లు, భీమవరం వైపు ఊళ్ళ నుంచి, ఇంటిపనికి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళ సంఖ్య పెద్దది. అక్కడ వాళ్ళను ఖద్దామాలంటారు. యజమానిని కఫీల్ అంటారు. నివాస అనుమతి అకామా. ఈ మాటలు డెల్టా ఊళ్ళలో ఇప్పుడు తెలుగు మాటలే. 1983 వలస చట్టం కింద తగిన చదువు లేనివారి పాస్‌పోర్టు మీద వలస తనిఖీ అవసరమని ముద్ర పడేది. చాలాకాలంగా ఈ కొలబద్ద పదో తరగతి. ఆ ముద్ర ఉన్నవాళ్ళు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళాలంటే వలస సంరక్షణాధికారి అనుమతి తప్పనిసరి. ఇంటిపనికి వెళ్ళే మహిళలకు ముప్పై ఏళ్ళు నిండాలన్న నిబంధన కూడా ఉంది. విజిటింగ్ వీసా మీద పంపి, అక్కడికెళ్ళాక మారుస్తామని ఏజెంట్లు నమ్మబలకడం, విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ దగ్గర ఆ మనిషి వెనక్కి రావడం ఈ నిబంధనల చుట్టూ తిరిగిన కథలే. రక్షణ కోసం పెట్టిన నియమం పేదరాలికి అడ్డుగోడ అయింది. ఆ గోడ దాటించే పేరుతో డబ్బు గుంజినవాళ్ళది అసలు నేరం.

వెళ్ళాక ఇంకో చిక్కు. పాస్‌పోర్టును కఫీల్ తన దగ్గరే ఉంచుకోవడం గల్ఫ్‌లో పాతుకుపోయిన అలవాటు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు చాలామంది భారతీయుల చేతిలో పాస్‌పోర్టు లేదు. ఇరాక్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరిన వాళ్ళకు రాయబార కార్యాలయం అప్పటికప్పుడు ప్రయాణ పత్రాలు ఇచ్చింది. సుమారు లక్షా డెబ్బై వేల మందిని విమానాల్లో దేశానికి చేర్చారు. యజమాని దగ్గర్నుంచి పారిపోయినవాళ్ళు, అకామా గడువు దాటినవాళ్ళు ఇంటికి రావడానికి ఇప్పటికీ అలాంటి ఎమర్జెన్సీ సర్టిఫికెట్టే ఆధారం. జనం దాన్ని అవుట్‌పాస్ అంటారు. కువైట్ 2018లో, 2020లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు దాని కోసమే దరఖాస్తులు పోటెత్తాయి. ఒకే వైపు, ఒకే ప్రయాణానికి పనికొచ్చే కాగితమది.

చివరి నిమిషంలో ఎక్కువమందిని పట్టుకునేది మాత్రం పేరే. తెలుగు వాడుకలో ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంగా. పాస్‌పోర్టు దరఖాస్తు పొడి అక్షరాలను ఒప్పుకోదు. ఇంటిపేరు, సొంతపేరు వేర్వేరు గళ్ళలో పూర్తిగా రాయాలి. పదో తరగతి సర్టిఫికెట్టులో కె.వి.వి. సత్యవతి అని ఉన్నామె ఆధార్‌లో అత్తింటి పేరుతో, పాన్ కార్డులో ఇంటిపేరు లేకుండా, ఓటరు కార్డులో వట్టి సత్యవతిగా ఉంటే, కాగితాల లెక్కన ఆమె నలుగురు. అమెరికాలో కూతురి పురిటికి వెళ్ళాల్సిన తల్లుల విషయంలో ఇది మరీ తరచు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్ళకు మరో దెబ్బ తగిలింది: ఒకే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవారిని రానివ్వబోమని 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ప్రకటించింది.

పుట్టిన తేదీది ఇంకో దారి. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చినా ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టిన పిల్లల పేర్లు రిజిస్టరుకెక్కడం చాలాకాలం అరుదే. గుడివాకలంక, ప్రత్తికోళ్ళలంక లాంటి కొల్లేటి ఊళ్ళకు వానాకాలంలో దోనే దిక్కైన రోజుల్లో ఒక పుట్టుక నమోదు కోసం ఎవరు బయల్దేరతారు? పిల్లవాణ్ణి బడిలో వేసిన రోజు మాస్టారు అడిగితే, ఫలానా వరదకు ముందో వెనకో అని తల్లి చెప్పేది. ఆయన ఒక తేదీ వేసేవారు. ఆధార్ వచ్చాక వయసు మాత్రమే తెలిసినవాళ్ళలో చాలామందికి జనవరి 1 పడింది. 1989 జనవరి 26న గానీ తర్వాత గానీ పుట్టినవారు జనన ధ్రువపత్రమే ఇవ్వాలన్న నిబంధన ఇలాంటి ఊళ్ళవారిని బాగా ఇబ్బంది పెట్టింది. 2016 డిసెంబరులో దాన్ని సడలించి పదో తరగతి సర్టిఫికెట్టు, పాన్, ఆధార్ లాంటివీ చెల్లుతాయన్నారు. మంచి నిర్ణయం అది. 2025 సవరణ ప్రకారం 2023 అక్టోబరు 1న గానీ తర్వాత గానీ పుట్టినవారికి మాత్రం మళ్ళీ జనన ధ్రువపత్రం ఒక్కటే.

గడువు సంగతి కొంత సులువు. 2001కి ముందు చేత్తో రాసిచ్చిన పాస్‌పోర్టుల్లో కొన్నిటికి ఇరవై ఏళ్ళ గడువుండేది. యంత్రం చదవలేని పాస్‌పోర్టులు 2015 నవంబరు 24 తర్వాత చెల్లవని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్ణయించడంతో, గడువు మిగిలి ఉన్నా అవి పక్కకు పోయాయి. వెళ్ళే నాటికి కనీసం ఆరు నెలల గడువు ఉండాలన్న పలు దేశాల నియమం తెలియక విమానాశ్రయం నుంచి వెనుదిరుగుతున్నవారు ఇప్పటికీ ఉన్నారు.

దూరం మాత్రం నిజంగా తగ్గింది. 2010లో మొదలైన పాస్‌పోర్టు సేవా కేంద్రాలు విజయవాడకు, తర్వాత భీమవరానికి వచ్చాయి. 2017లో తపాలా కార్యాలయాల్లో కేంద్రాలు తెరిచే పథకంతో ఏలూరుకూ చేరాయి. రాష్ట్ర విభజన తర్వాత విజయవాడలో ప్రాంతీయ కార్యాలయం వచ్చింది. గన్నవరం నుంచి 2018 డిసెంబరులో సింగపూర్‌కు తొలి అంతర్జాతీయ విమానం ఎగిరింది. వేచి ఉండే రోజులూ తగ్గాయి: పాస్‌పోర్టు త్వరగా కావాలనుకునేవారికి ఉన్న తత్కాల్ పద్ధతికి మామూలు రుసుము మీద మరో 2,000 రూపాయలు కట్టాలి. ఒకప్పుడు దానికి పై అధికారి ధ్రువీకరణ కావాలని జనం ఆఫీసుల చుట్టూ తిరిగేవారు. 2018లో ఆ బాధ తప్పింది. పోలీసు విచారణ పాస్‌పోర్టు వచ్చాక జరుగుతుంది. అయితే తత్కాల్ తగ్గించేది వేచి ఉండే రోజులనే. ఆధార్‌లో ఒక తేదీ, సర్టిఫికెట్టులో ఇంకో తేదీ ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది.

గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకునే వీలుంది. టిక్కెట్టు కొనేముందు ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ తీసి గడువు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో చూసుకోండి.