కదిరి టు కువైట్: చట్టం చెప్పని జాతి లెక్క

ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే అనంతపురం శనక్కాయ రైతుకు మిగిలేది పశువులకేసే కట్టే. అప్పు మాత్రం ఆగదు. మగవాళ్లు బెంగళూరు బస్సెక్కితే, కదిరి వైపు (2022 నుంచి ఇది సత్యసాయి జిల్లా) ఆడవాళ్లు ఎందరో కువైట్ ఇళ్లలో పనికి పోయారు.

పోయిన చోట వాళ్లకు ఎదురైన చట్టాల తీరు కొత్తది కాదు. జాతి పేరెత్తకుండానే జాతిని ఏరడం వలస చట్టాలకు పాత విద్య. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి తెలుగు, తమిళ కూలీలను దక్షిణాఫ్రికాలోని నెటాల్ చెరకు తోటలకు చేర్చింది. గడువు తీరాక వాళ్లు అక్కడే నిలిచి కూరగాయలు పండించి అమ్ముకోవడం తెల్లవాళ్లకు గిట్టలేదు. తిరిగి వెళ్లనివాళ్ల మీద ఏడాదికి 3 పౌండ్ల పన్ను వేస్తూ 1895లో చట్టం చేశారు. 1897 చట్టం ఇంకా గడుసుది: కొత్తగా వచ్చేవాళ్లు దరఖాస్తును ఏదో ఒక యూరప్ భాషలో రాయాలంది. భారతీయులు రావద్దని అందులో ఎక్కడా లేదు, ఉండాల్సిన పనీ లేదు. 1901లో ఆస్ట్రేలియా అదే ఎత్తు వేసింది.

కువైట్‌లో ఈ ఏరే పనిని కఫీల్ (వీసాకు పూచీ పడే యజమాని) చేతికి అప్పగించారు. ఇంటిపనికి 20వ నంబరు వీసా, కంపెనీ పనికి 18. జీతం ఇవ్వలేదనో, కొట్టారనో ఇంటిపనిమనిషి గడప దాటితే, కఫీల్ ఒక్క ఫిర్యాదుతో ఆమెను ‘పారిపోయిన మనిషి’ని చేస్తాడు. 2010 కార్మిక చట్టం ఇంటిపనివాళ్లను పక్కన పెట్టేసింది. వారానికో సెలవు, రోజుకు 12 గంటల హద్దు 2015లోగానీ రాలేదు. మరుసటి ఏడు కనీస జీతం 60 దినార్లన్నారు, అంటే సుమారు 200 డాలర్లు. ఫిలిప్పీన్స్ తమ ఆడవాళ్లకు 400 డాలర్లు ఇవ్వాల్సిందేనని 2006 నుంచే పట్టుబట్టింది. చేసేది ఒకే పని, తోమేవి అవే గిన్నెలు. జీతం మాత్రం పాస్‌పోర్టును బట్టి. దీన్ని జాతి వివక్ష అనడానికి నాకు మొహమాటం లేదు.

మన చేతులూ శుభ్రంగా లేవు. 1983 వలస చట్టం కింద పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్‌కు పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆడవాళ్లయితే 30 ఏళ్లు నిండాలి. కాపాడటానికేనంటారు. నెటాల్‌లో అడ్డు యూరప్ అక్షరం, ఇక్కడ మార్కుల పత్రం. ఉద్దేశాలు వేరు కావచ్చు, గేటు దగ్గర ఆగిపోయేది మాత్రం చదువుకోని పేదలే. ఆగినవాళ్లు ఇంటికి తిరిగిపోరు. విజిట్ వీసా చేతికిచ్చి, అడిగితే చుట్టపుచూపుగా పోతున్నామని చెప్పమనే ఏజెంటు దొరుకుతాడు.

2018, 2020, 2024లలో కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది. అకామా (నివాస అనుమతి) లేనివాళ్లు జరిమానా కట్టకుండా, ఎంబసీ ఇచ్చిన తాత్కాలిక ప్రయాణ పత్రం ఔట్‌పాస్‌తో ఇంటిదారి పట్టారు. ఎగ్గొట్టిన జీతాల లెక్క ఆ ఔట్‌పాస్‌లో ఉండదు.