చేతి మీది పాత మచ్చ

2020 డిసెంబరు 28న కృష్ణా జిల్లాలో మందు లేకుండా టీకాల కార్యక్రమం జరిగింది. బల్లలు వేశారు, జాబితాలో పేర్లు సరిచూశారు, వచ్చినవాళ్లను ఎడంగా కూర్చోబెట్టారు, టీకా వేసినట్టే రాసుకుని అరగంట పక్క గదిలో ఉంచి పంపారు. సూది మాత్రం ఎవరి చేతిలోనూ దిగలేదు. కోవిడ్ టీకాకు ముందు దేశం చేసిన ఆ మొదటి కసరత్తుకు పంజాబ్, గుజరాత్, అస్సాం, ఆంధ్రప్రదేశ్‌లను ఎంచుకున్నారు. మన రాష్ట్రం తరఫున ఆ పని కృష్ణా జిల్లాకు వచ్చింది. అప్పటికి మన దేశంలో ఏ కోవిడ్ టీకాకూ అనుమతి లేదు.

రెండు నెలలు తిరిగేసరికి మందు పెద్దవాళ్ల దాకా వచ్చింది. 2021 మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్ల వంతు. ఘంటసాలలో అయినా, అవనిగడ్డలో అయినా, బందరులో అయినా పెద్దవాళ్లు చొక్కా చెయ్యి పైకి మడిస్తే చాలామందికి ఒక పాత మచ్చ కనబడేది. గుండ్రంగా, లోపలికి నొక్కుకుపోయి, చుట్టూ చర్మం ముడతపడినా తాను మాత్రం మెరుస్తూ ఉండే మశూచి టీకా మచ్చ. ఆ మచ్చ ఉన్నవాళ్లలోనూ కొత్త సూది దగ్గర తటపటాయించినవాళ్లు ఉన్నారు. వేయించుకుంటే ఏమవుతుంది, మానేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్న ఈ కృష్ణా డెల్టాలో ఆ మచ్చలకంటే పాతది.

రెండో శతాబ్దంలో భూగోళ శాస్త్రవేత్త టాలెమీ రాసుకున్న కంటకస్సిల రేవు ఘంటసాలేనని చరిత్రకారులు గుర్తించారు. తర్వాతి కాలంలో ఆ రేవు వైభవం మచిలీపట్నానికి, అంటే బందరుకు, దక్కింది. 1611లో ఆంగ్లేయులు అక్కడ వర్తక స్థావరం పెట్టారు. సరుకు దిగే చోట జబ్బులూ దిగుతాయి. ఆ జబ్బులన్నిటిలో పెద్దది మశూచి. దాన్ని మన పల్లెలు జబ్బు అనలేదు, అమ్మవారు అన్నాయి. పోలేరమ్మ పేరు చెప్పుకుని గడపకు వేపమండలు కట్టేవారు, పసుపునీళ్లు చల్లేవారు, పరాయివాళ్లను ఇంట్లోకి రానిచ్చేవారు కాదు, రోగికి చలవ చేసే తిండే పెట్టేవారు. ఇదంతా మూఢనమ్మకమని కొట్టిపారేయడం సరికాదు. రోగిని విడిగా ఉంచడం, కనిపెట్టుకుని సేవ చేయడం అందులో ఉన్నాయి. లేనిది ఒక్కటే, జబ్బు రాకుండా ఆపే ఉపాయం. టీకాలు లేనివాళ్లలో మశూచి సోకిన ప్రతి పదిమందిలో ముగ్గురు పోయేవారు. బతికినవాళ్లలో కొందరికి చూపు పోయేది.

ఆ ఉపాయం 1796లో ఇంగ్లండులో జెన్నర్ అనే వైద్యుడి చేతిలో పుట్టింది. 1802 జూన్ 14న బొంబాయిలో ఆనా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు వేసిన టీకా మన దేశంలో మొదటిది. అదే ఏడాది అది మద్రాసుకూ చేరింది. అప్పట్లో సీసాలు, శీతల పెట్టెలు లేవు. ఒక పిల్ల చేతి మీద పొక్కు లేస్తే, ఆ రసాన్ని తీసి ఇంకో పిల్ల చేతిమీద గీసేవారు. మందు ఒక చేతి నుంచి ఇంకో చేతికి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పసిపిల్లల మీదుగా నడిచింది. తన బిడ్డ చేతి పొక్కును గిల్లి రసం తీయనివ్వడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? ఆ రసం ఏ కులం పిల్ల చేతిదో అన్న పట్టింపు కూడా ఉండేది, అది వేరు. కానీ రసంతోపాటు ఇంకో జబ్బు రావొచ్చన్న భయం మాత్రం కల్పన కాదు. సుఖవ్యాధి అలా సోకిన సంగతులు యూరప్ వైద్యులే నమోదు చేశారు.

1880 టీకాల చట్టం మునిసిపాలిటీల్లో, కంటోన్మెంట్లలో నిర్బంధానికి దారి తెరిచింది. పందొమ్మిదో శతాబ్దం చివరికి దూడ చర్మం మీద పెంచిన రసం వాడుకలోకి వచ్చింది. మద్రాసు గిండీలో 1899లో అందుకోసం పెట్టిన కేంద్రమే తర్వాత కింగ్ ఇన్‌స్టిట్యూట్ అయింది. చేతి నుంచి చేతికి పాకే ప్రమాదం దాంతో తగ్గింది. జనం భయపడినందుకు వాళ్లను తిట్టడం కాకుండా, భయానికి కారణాన్ని తీసేసిన మార్పు ఇది. టీకాల చరిత్రలో ఇలాంటి మార్పులకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

ఘంటసాలకు దగ్గర్లోని భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యను మనం జెండాతోనే గుర్తుపెట్టుకున్నాం. ఆయన కొంతకాలం బళ్లారిలో ప్లేగు ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశారని జీవితచరిత్రలు చెబుతాయి. అదే ప్లేగుకు టీకాను తయారుచేసిన హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త 1897 జనవరిలో బొంబాయిలో ముందుగా తన ఒంట్లోనే ఆ మందు ఎక్కించుకున్నాడు. అయిదేళ్లు దాటాక, 1902 అక్టోబరు 30న, పంజాబులోని ముల్కోవాల్ అనే పల్లెలో 107 మందికి ఆ టీకా వేశారు. వాళ్లలో 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. పంతొమ్మిది మందికీ ఒకే సీసాలోని మందు వేశారు. నింద హాఫ్‌కిన్ మీద పడింది, ఉద్యోగం పోయింది. సీసా మూత తీసిన పట్టుకారు నేల మీద పడిందని, శుద్ధి సరిగా చేయకుండానే దాన్ని వాడారని విచారణలో బయటికొచ్చింది. ఆయన నిర్దోషి అని తేల్చడానికి 1907 వరకు పట్టింది. ఆ పంతొమ్మిది ఇళ్లకు మాత్రం మందు తప్పా, పట్టుకారు తప్పా అన్న తేడాతో ఒరిగేదేమీ లేదు. టీకా అపాయాన్ని తూచేటప్పుడు మందునే కాదు, వేసే చేతిని, ఆ చేతిలోని పనిముట్టును కూడా తూచాలని ముల్కోవాల్ నేర్పింది. ఒకసారి వాడి పారేసే సిరంజీల వెనక ఇలాంటి చావులు ఉన్నాయి.

కృష్ణాపత్రిక, జాతీయ కళాశాల పుట్టిన బందరు గాంధీజీ మాటను వేదంగా భావించిన ఊరు. ఆ గాంధీజీ 1913లో ఆరోగ్యం గురించి రాసిన వ్యాసాల్లో మశూచి టీకాను గట్టిగా వ్యతిరేకించారు; దూడ ఒంటి నుంచి తీసిన రసం ఆయనకు అసహ్యంగా, అధర్మంగా తోచింది. 1930లో సబర్మతి ఆశ్రమంలో మశూచితో ముగ్గురు పిల్లలు పోయారు. ఆయన బాధపడ్డారు, అభిప్రాయం మార్చుకోలేదు. ఆ మనిషి మీద ఎంత గౌరవం ఉన్నా ఈ విషయంలో ఆయన తప్పుచేశారని చెప్పక తప్పదు. తన ఒంటికి టీకా వద్దనుకోవడం ఒక సంగతి, తన మాట విన్న తల్లిదండ్రుల పిల్లలు దానికి మూల్యం చెల్లించడం ఇంకో సంగతి.

మన దేశంలో మశూచి చివరి కేసు 1975 మేలో నమోదైంది. 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. ఆ తర్వాత జరిగింది ఆలోచించదగినది: టీకాను ఆపేశారు. అది పనిచేయక కాదు. మొదటిసారి వేయించుకున్న ప్రతి పది లక్షల మందిలో ఒకరిద్దరు ఆ టీకా వల్లే పోయేవారు. పదిమందిలో ముగ్గురిని మింగే జబ్బు ఉన్నంతకాలం ఆ నష్టాన్ని లోకం భరించింది. జబ్బే లేనప్పుడు ఆ ఒక్కరినీ పోగొట్టుకోవడానికి కారణం లేదు. అందుకే ఆ మచ్చ తాతలకు ఉంది, మనవలకు లేదు.

ఇక తెలుగునేల మీద టీకా అనగానే మనసు చివుక్కుమనే జ్ఞాపకం ఖమ్మం జిల్లాది. 2009 జులైలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా మొదలుపెట్టాయి. పది నుంచి పద్నాలుగేళ్ల వయసున్న సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. తర్వాతి నెలల్లో వాళ్లలో అయిదుగురు చనిపోయారు. నీళ్లలో మునిగి, పురుగుమందు తాగి, జ్వరంతో పోయారని, టీకాకు సంబంధం ఉండే అవకాశం లేదని విచారణ చెప్పింది. అది నిజమే కావచ్చు. కానీ ఆ విచారణలోనే, ఆపైన 2013 పార్లమెంటరీ కమిటీ నివేదికలో ఇంకో నిజం వెలుగుచూసింది. సమ్మతి పత్రాల మీద ఎంతోచోట సంతకం చేసింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు. ఆ పిల్లల తరఫున లాభనష్టాలు తూచే హక్కును ఎవరో తీసేసుకున్నారు. మంచి మందును కూడా ఇలా వేస్తే నమ్మకం చస్తుంది. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. జబ్బు ఆగలేదు.

2021 జనవరి 3న కోవాగ్జిన్‌కు అనుమతి వచ్చినప్పుడు ఈ నీడ ఇంకా ఉంది. హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన ఆ టీకాకు 25,800 మందితో మూడో దశ పరీక్ష అప్పటికి నడుస్తోంది. అది ఎంతమేర కాపాడుతుందన్న అంకె ఒక్కటీ బయటికి రాలేదు. అందుకే 'క్లినికల్ ట్రయల్ మోడ్' అన్న షరతుతో అనుమతించారు. వేయించుకునేవాళ్లతో సమ్మతి పత్రం రాయించుకున్నారు. జనవరి 16న మొదటి వంతుగా చేతులు చాచిన ఆరోగ్య సిబ్బందిలో, పారిశుధ్య కార్మికుల్లో కోవాగ్జిన్ పడినవాళ్లు ఆ అంకె తెలియకుండానే చాచారు. మొదటి ఫలితం మార్చి 3న వచ్చింది, పూర్తి ఫలితం జులైలో: 77.8 శాతం. వాళ్ల నమ్మకం వమ్ము కాలేదు. కానీ ఆ రెండు నెలల తటపటాయింపును అజ్ఞానం అన్నవాళ్లు తొందరపడ్డారు.

ఏప్రిల్, మే నెలల్లో లెక్క తలకిందులైంది. ఆక్సిజన్ పడక కోసం బందరు నుంచి బెజవాడకు, బెజవాడ నుంచి హైదరాబాదుకు పరుగెత్తిన ఇళ్లలో టీకా భయం గురించి మాట్లాడే ఓపిక ఎవరికీ లేదు. మందు చాలక కేంద్రాల ముందు తెల్లవారుజాము నుంచే బారులు. మేలోనే ఆనందయ్య అనే నాటువైద్యుడి మందు కోసం నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి వేలమంది పోటెత్తారు. జూన్‌లో అయిదేళ్లలోపు పిల్లలున్న తల్లులకు రాష్ట్రం ముందు వరస ఇచ్చింది. 20వ తేదీన ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు పడ్డాయి.

ఆ హడావుడిలో ఒక ముఖ్యమైన కాగితం మరుగునపడింది. మే 17న కేంద్రం నియమించిన నిపుణుల సంఘం, ఆస్ట్రాజెనెకా టీకాకు మన దేశపు రూపమైన కోవిషీల్డ్ వల్ల రక్తం గడ్డకట్టే అపాయాన్ని లెక్కకట్టి ప్రకటించింది: పది లక్షల డోసులకు 0.61. బ్రిటన్‌లో అదే నాలుగు, జర్మనీలో పది. 2011 లెక్కల్లో ఉమ్మడి కృష్ణా జిల్లా జనాభా 45 లక్షలు. జిల్లా మొత్తానికి ఒక్కో డోసు వేస్తే మన లెక్కన ముగ్గురికి లోపు, మన దగ్గర కొన్ని కేసులు నమోదు కాలేదనుకుని బ్రిటన్ లెక్క తీసుకుంటే పద్దెనిమిది మందికి ఆ ముప్పు. ఇటు కోవిడ్‌తో అధికారిక లెక్కల్లోనే ఆంధ్రప్రదేశ్‌లో 14,700 మందికి పైగా పోయారు. ఆ నిష్పత్తిలో 45 లక్షల మందికి సుమారు 1,300 మరణాలు. ఈ తూకం అన్ని వయసులకూ ఒకటి కాదు. కుర్రవాళ్లకు జబ్బు ముప్పు తక్కువ కాబట్టి బ్రిటన్ ఆ ఏప్రిల్‌లోనే ముప్ఫై లోపు వాళ్లకు వేరే టీకా వేయమంది. మన దగ్గర ఆ తేడా చూపలేదు. చూపాల్సిందని అడగడం టీకా మీద ద్వేషం కాదు.

2024 వేసవిలో ఆస్ట్రాజెనెకా లండన్ కోర్టు కాగితాల్లో ఈ అపాయాన్ని ఒప్పుకుందన్న వార్త రాగానే దివిసీమ దాకా ఫోన్లు మోగాయి. మూడేళ్ల ముందు వేయించుకున్నవాళ్లు అప్పుడు గుండె పట్టుకున్నారు. మొదటి కొన్ని వారాల్లోనే రావలసిన ముప్పు అది, వాళ్లు దాన్ని ఎప్పుడో దాటేశారు. 2021 మే ప్రకటనలోనే ఆ సంగతి ఉంది: టీకా తర్వాత ఇరవై రోజుల్లోపు తగ్గని తలనొప్పి, ఆయాసం, ఛాతీనొప్పి, కాళ్ల వాపు, సూది వేసిన చోటుకు అవతల చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చెప్పాలని. ప్రతి గ్రామ సచివాలయం గోడకూ తెలుగులో, పెద్ద అక్షరాలతో అంటించవలసిన నాలుగు వరసలు అవి.