బాక్సింగ్ సాహిత్యం

బాక్సింగ్ చరిత్రను, బాక్సర్ల జీవితాలను, పేరొందిన పోటీలను నమోదు చేసిన రచనలనూ, వాటిపై వచ్చిన సమీక్షలనూ కలిపి బాక్సింగ్ సాహిత్యం అంటారు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో మొదలైన ఈ సాహిత్యం 20వ శతాబ్దపు అమెరికాలో ఉన్నత స్థాయికి చేరింది. తెలుగులో పిడికిలి పోరు వర్ణనకు కావ్యాల్లో చోటు దొరికింది.

కావ్యాల్లో పిడికిలి పోరు

హోమర్ ‘ఇలియడ్’ 23వ సర్గలో పట్రోక్లస్ అంత్యక్రియల సందర్భంగా జరిగిన ముష్టియుద్ధం పాశ్చాత్య సాహిత్యంలో తొలి వర్ణనల్లో ఒకటి. తెలుగులో నన్నయ సభాపర్వంలో భీమ జరాసంధుల పోరు ఉంది. 15వ శతాబ్దికి చెందిన పోతన భాగవతం దశమ స్కంధంలో కంసుని మల్లరంగం కనిపిస్తుంది. అక్కడ కృష్ణుడు చాణూరుణ్ణి, బలరాముడు ముష్టికుణ్ణి కూలుస్తారు. తెలుగు కావ్యాల్లోని ఈ పోరాటాల్లో పట్లు, విసుర్లు, గుద్దులు కలిసే ఉంటాయి కనుక ఇవి మల్లయుద్ధం కిందికే వస్తాయి. పిడికిలికి మాత్రమే పరిమితమైన నేటి నియమబద్ధ బాక్సింగ్ తరువాతి కాలానిది.

చరిత్ర రచన

లండన్‌లో బాక్సర్ జాక్ బ్రౌటన్ 1743లో తొలి నియమావళిని రూపొందించాడు. గ్లోవ్స్‌ను తప్పనిసరి చేసిన క్వీన్స్‌బెరీ నియమాలు 1867లో అచ్చయ్యాయి. ఈ రెండింటి మధ్యకాలంలో, 1812 నుంచి, పియర్స్ ఈగన్ ‘బాక్సియానా’ సంపుటాలు వెలువరించాడు. పోటీలతో పాటు బరి చుట్టూ చేరిన జనాన్నీ, పందేలనూ, వీధి భాషనూ నమోదు చేసిన రచన అది. అమెరికాలో నాట్ ఫ్లీషర్ 1922లో ‘ది రింగ్’ పత్రిక స్థాపించి, గెలుపోటముల లెక్కలను పద్ధతిగా భద్రపరిచాడు. నల్లజాతి బాక్సర్ల చరిత్రను ‘బ్లాక్ డైనమైట్’ పేరుతో సంపుటాలుగా రాశాడు.

ఎ.జె. లీబ్లింగ్ వ్యాససంపుటి ‘ది స్వీట్ సైన్స్’ 1956లో వచ్చింది. 2002లో ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’ దీన్ని ఉత్తమ క్రీడా గ్రంథాల జాబితాలో మొదటి స్థానంలో నిలిపింది. 1974లో కిన్షాసాలో జరిగిన ముహమ్మద్ అలీ, జార్జ్ ఫోర్‌మన్ పోటీపై నార్మన్ మెయిలర్ ‘ది ఫైట్’ రాశాడు. జాయిస్ కరోల్ ఓట్స్ ‘ఆన్ బాక్సింగ్’ 1987లో వెలువడింది.

సమీక్ష

బాక్సింగ్ పుస్తకాన్ని సమీక్షించేవారు మూడు అంశాలు చూస్తారు: రికార్డులు సరైనవేనా, పోటీ వర్ణనలో ఆట మెలకువలు తెలుస్తున్నాయా, జాతి, పేదరికం, గాయాల వంటి సంగతులను రచయిత దాటవేశాడా. ఆత్మకథల విషయంలో మొదటి పరీక్ష మరీ ముఖ్యం. 1975లో వచ్చిన ముహమ్మద్ అలీ ఆత్మకథ ‘ది గ్రేటెస్ట్’, జాతి వివక్షకు నిరసనగా ఆయన ఒలింపిక్ పతకాన్ని ఒహాయో నదిలో విసిరేశాడని చెబుతుంది. అయితే పతకం పోయిందే తప్ప విసిరేయలేదని తరువాతి జీవితచరిత్రకారులు రాశారు. అలీపై థామస్ హౌసర్ 1991లో ప్రచురించిన గ్రంథం ఎందరో సన్నిహితుల మాటలను పక్కపక్కన పెట్టింది. ఒకే జీవితంపై రెండు పుస్తకాలు చదవడం ఎందుకు అవసరమో ఈ ఉదాహరణ చెబుతుంది.

భారతదేశం, తెలుగు నేల

షామ్య దాస్‌గుప్తా ‘భివానీ జంక్షన్’ (2012) హర్యానా బాక్సింగ్ కేంద్రాన్ని ఆధారంగా చేసుకుని భారతీయ బాక్సింగ్ కథ చెప్పింది. లండన్ ఒలింపిక్స్ కాంస్య విజేత మేరీ కోమ్ ఆత్మకథ ‘అన్‌బ్రేకబుల్’ 2013లో వచ్చింది. తెలంగాణలో నిజామాబాద్ బాక్సింగ్‌కు నెలవైంది. అక్కడి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ చాంపియన్‌గా నిలిచింది. అదే ఊరి మహమ్మద్ హుస్సాముద్దీన్ 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యం సాధించాడు.

ఇలాంటి విజయాలు పుస్తకాల్లోకి ఎక్కాలి. తెలంగాణలోనే, హనుమకొండలో, 1904లో శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం వెలిసింది. గ్రంథాలయోద్యమం తొలినాళ్లలో వేళ్లూనిన ఈ నేలలో క్రీడా చరిత్ర పుస్తకాలకూ గ్రంథాలయాల బీరువాల్లో చోటుండాలి. శిక్షకుల మాటలు, జిల్లా పోటీల ఫలితాలు, క్రీడాకారుల అనుభవాలు వారి కాలంలోనే తెలుగులో నమోదైతేనే రేపటి చరిత్రకారుడికి ఆధారం దొరుకుతుంది.