బళ్ళారిలో చూడటానికి ఏముంది?

పోయిన దసరా సెలవలకు హైదరాబాదు నుంచి మా అక్క, ఆమె కొడుకు వచ్చినారు. వాడు ఏడో తరగతి. వచ్చిన రెండో రోజే, "మామా, బళ్ళారిలో చూడటానికి ఏముంది?" అని అడిగినాడు. నేను టక్కున "హంపి" అన్నాను. మా ఊళ్ళో ఎవరిని అడిగినా ఇదే జవాబు. కానీ హంపి ఇక్కడికి అరవై కిలోమీటర్లు. 2021లో విజయనగర జిల్లా వేరుపడినాక అది మా జిల్లాలో కూడా లేదు. "అది కాదు మామా, బళ్ళారిలో ఏముంది?" అన్నాడు మళ్ళీ. ముప్పై ఏళ్ళకు పైగా ఇదే ఊళ్ళో ఉన్నవాణ్ణి, చప్పున నోటికి ఏమీ రాలేదు. ఆ సిగ్గుతోనే రెండు రోజులు వాణ్ణి ఊరంతా తిప్పినాను. చూసినవి, తెలుసుకున్నవి మన కుటుంబం వాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను.

మొదట కోట. తెల్లవారి ఆరున్నరకే బయలుదేరినాము. ఎండెక్కితే ఆ బండ మీద కాలు పెట్టలేము. కింద బోర్డు దగ్గర వాడు ఆగి, కన్నడం అక్షరాలు కూడబలుక్కుంటా "బళ్ళారి కోటె" అని చదివేసినాడు. "మామా, ఇది తెలుగే కదా, తలకట్లు మాత్రం వేరే!" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నేను కన్నడం మీడియంలో చదివినవాణ్ణి. మా అవ్వ వారపత్రికలు ముందు పెట్టి నాకు తెలుగు నేర్పించినప్పుడు ఇదే మాట తిరగేసి అన్నాను.

ఈ గుడ్డ మీద రెండు కోటలున్నాయి. పై కోట విజయనగర కాలపు పాలెగాడు హనుమప్ప నాయకుడు కట్టించింది. ఆయన హండె వంశం వాడు. అనంతపురాన్ని ఏలిందీ హండె వంశమే. కింది కోట 18వ శతాబ్దం రెండో సగంలో హైదరాలీ కట్టించింది. దాన్ని కట్టిన ఫ్రెంచి ఇంజనీరు గురించి బళ్ళారిలో పిల్లవాణ్ణి అడిగినా ఒక కథ చెప్తాడు. కోట అంతా పూర్తయినాక హైదరాలీ వచ్చి చూస్తే, పక్కనున్న కుంబార గుడ్డ ఈ గుడ్డ కంటే ఎత్తుగా ఉందంట. శత్రువు అక్కడ ఫిరంగి పెడితే కోట గతి ఏమి? కోపం వచ్చి ఇంజనీరును ఉరి తీయించినాడంట. తూర్పు వాకిలి దగ్గరున్న సమాధి ఆ ఇంజనీరుదే అంటారు కొందరు. కాదు, అది ఒక ముస్లిం మహనీయుడిది అంటారు ఇంకొందరు.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. అంతా అయిపోయినాక తప్పు బయటపడితే ఎవరి మెడకు చుట్టుకుంటుందో నాకు బాగా తెలుసు. అందుకే ఈ కథ విన్నప్పుడల్లా ఆ ఇంజనీరు మీద జాలి కలుగుతుంది. కథ నిజమో కాదో చెప్పలేము గాని, పైకెక్కి చూస్తే కుంబార గుడ్డ మాత్రం ఎదురుగానే కనపడుతుంది. మా వాడు అదే చూసి, "కట్టకముందు ఒక్కసారి పైకెక్కి చూసుకుని ఉండొచ్చు కదా" అన్నాడు.

పైన వాన నీళ్ళు నిలిచే దొనలు, పడిపోయిన గోడలు, గాలి. అంతే. అక్కడ కూర్చుని వాడికి మిగతా కథ చెప్పినాను. 1792లో టిప్పు సుల్తాను ఓడినాక ఈ సీమ నిజాం చేతికి పోయింది. 1800లో నిజాం దీన్ని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేసినాడు. దత్త మండలాలు అని పుస్తకాల్లో చదివేది ఇదే. కడప, అనంతపురం, బళ్ళారి అన్నీ అందులోవే. 1882 దాకా అనంతపురం కూడా బళ్ళారి జిల్లాలోనే ఉండేది. కర్నూలు నవాబుల వంశంలోని ముజఫర్ ఖాన్‌ను 1823 నుంచి 1864 దాకా ఈ కోటలోనే బందీగా పెట్టినారు. నలభై ఏళ్ళు ఒకే గుడ్డ! "ఇక్కడ నలభై నిమిషాలకే నాకు దప్పికవుతుంది" అన్నాడు వాడు. నీళ్ళ బాటిల్ మరిచిపోవద్దని మీకూ చెప్తున్నా.

రెండో రోజు మ్యూజియం. రాబర్ట్ బ్రూస్ ఫూట్ పేరు మీద, సంగనకల్లు పేరు మీద పెట్టిన పురావస్తు మ్యూజియం మా ఊళ్ళోనే ఉంది. దీని వెనక ధారవాడలో పనిచేసిన పురావస్తు పండితుడు రవి కోరిసెట్టర్ గారి శ్రమ చాలా ఉంది. ఫూట్ భూగర్భ శాస్త్రవేత్త. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో రాతి పనిముట్టును గుర్తించి, ఈ దేశంలో రాతి యుగపు మనుషులు ఉండేవారని చూపించినాడు. తరవాత మా సంగనకల్లు, కుప్పగల్లు గుడ్డలు కూడా తిరిగినాడు. ఆయన కూడబెట్టిన వస్తువులు మద్రాసు మ్యూజియానికి చేరినాయి. కాబట్టి మన ఊరి రాళ్ళు చూడటానికి చాలా కాలం ఎగ్మూరు పోవాల్సి వచ్చేది. ఇప్పుడు రాతి గొడ్డళ్ళు, కుండ పెంకులు, మానవ పరిణామం చూపించే పుర్రెల నమూనాలు ఇక్కడే చూడొచ్చు.

సంగనకల్లు మా ఇంటి నుంచి బండి మీద పావుగంట. నాలుగైదు వేల ఏళ్ళ కిందట అక్కడ జనం పశువులు మేపుకుంటా, నల్లరాయిని చెక్కి గొడ్డళ్ళు చేసుకుంటా బతికినారు. కుప్పగల్లు గుడ్డ మీది నల్లబండల్లో కొన్నిటిని రాయితో కొడితే గంట మోగినట్టు మోగుతాయి. వాటి మీద ఎద్దుల బొమ్మలు చెక్కినారు. ఈ గుడ్డలకు కంకర క్వారీల బెడద చాలా ఏళ్ళుగా ఉంది. అందుకే పిల్లలకు చూపించే పని వాయిదా వేయొద్దు.

అన్నిటికంటే మా వాడికి నచ్చింది బూడిద కథ. హోసపేట దోవలో కుడతిని దగ్గర పెద్ద బూడిద దిబ్బ ఉంది. భీముడు చంపిన హిడింబాసురుడి బూడిద అని పాతకాలం వాళ్ళు చెప్పుకునేవారు. నిజానికి అది పశువుల పేడ. కొత్త రాతి యుగంలో దొడ్లలో పేడ కుప్పలు పోసి మళ్ళీ మళ్ళీ కాల్చితే గట్టిపడి దిబ్బ అయింది. పేడ అయి ఉండొచ్చని ఫూట్ ఏనాడో అనుకున్నాడు. ఆల్చిన్ అనే పండితుడు మహబూబ్‌నగర్ వైపు ఉట్నూరులో ఇట్లాంటి దిబ్బనే తవ్వి చూసి, 1963లో పుస్తకం రాసి సంగతి తేల్చినాడు. బళ్ళారిలోనూ అదే బూడిద, తెలంగాణలోనూ అదే బూడిద. ఇంగ్లీషు వాళ్ళు ఈ దిబ్బ ఉన్న చోటి పేరును బూదికనమ అని రాసుకున్నారు. బూది అంటే కన్నడంలో బూడిద. మన సీమ పల్లెల్లోనూ బూది అంటారు. కనమ మన కనుమే. ఆ పేరు ఏ భాషదని చెప్పాలో నాకు తెలియలేదు.

సాయంత్రం రాఘవ కళామందిరం దగ్గర బండి ఆపినాను. "ఇదేం హాలు మామా?" అన్నాడు. ఇక్కడ చెప్పాల్సింది చాలా ఉంది, బయట బోర్డు మీద ఉన్నది మాత్రం పేరే. తెలుగు నాటకం పెరిగిన ఊళ్ళలో బళ్ళారి ఒకటి. ఆంధ్ర నాటక పితామహుడు అని పేరుపడిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఈ ఊళ్ళో వకీలు. సరస వినోదిని సభ ఆయనది. సుమనోరమ సభ పెట్టిన కోలాచలం శ్రీనివాసరావు కూడా ఇక్కడి వకీలే. విజయనగరం కూలిపోయిన కథను ఆయన నాటకంగా రాస్తే, అందులో పఠాన్ రుస్తుం వేషం కట్టి పేరు తెచ్చుకున్నది బళ్ళారి రాఘవ, ధర్మవరం గారి మేనల్లుడు. ఈయనా వకీలే! తాడిపత్రిలో పుట్టి, బళ్ళారినే ఇంటిపేరు చేసుకున్నాడు. తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో ఆడినాడు. ఆడ వేషాలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టినాడు. 1946లో పోయినాడు.

మా తాత చిన్నప్పుడు రాఘవ నాటకం చూసినాడు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. "ఏ నాటకం మామా?" అని అడిగినాడు వాడు. నాకు తెలియదు. ఆ రాత్రి మా నాయనను అడిగినాను. ఆయనకూ తెలియదు. తాత పదకొండేళ్ళ కిందట పోయినాడు. ఆయన పక్కన పడుకుని వెయ్యి కథలు విన్నాను, ఈ ఒక్క ప్రశ్న అడగలేదు.

అన్నం తినేటప్పుడు వాడు ఇంకోటి అడిగినాడు. "మనం ఆంధ్ర నుంచి ఇక్కడికి ఎందుకు వచ్చినాము?" మేము ఎక్కడి నుంచీ రాలేదు. తాత ఇక్కడ పత్తి మండీలో లెక్కలు రాసేనాటికి బళ్ళారి మద్రాసు రాష్ట్రంలో ఒక జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి, మిగతా జిల్లా మైసూరుకు పోయింది. బళ్ళారి తాలూకా ఎవరికి ఇవ్వాలనే దాని మీద పెద్ద గొడవ జరిగింది. జస్టిస్ మిశ్రా విచారణ చేసి, మైసూరుకే ఇమ్మన్నాడు. మా అవ్వ పుట్టిల్లు ఆలూరు తాలూకాలో ఒక పల్లె. ఒక్క రోజులో ఆమె పుట్టిల్లు ఒక రాష్ట్రం, మెట్టినిల్లు ఒక రాష్ట్రం అయినాయి. ఆమె మాత్రం చివరిదాకా "ఊరికి పోయొస్తా" అనే అనేది, ఆంధ్రకు పోతున్నానని ఎప్పుడూ అనలేదు.

కోట ఎక్కడికీ పోదు. గొడ్డళ్ళు అద్దాల పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. నాటకం పేరు తాతతోనే పోయింది. బళ్ళారి తెలుగు ఇళ్ళలో ఇట్లాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో. ఇది చదివేవాళ్ళలో ఎనభై దాటిన పెద్దలు ఇంట్లో ఉన్నవాళ్ళు, ఈ ఆదివారం వాళ్ళను రెండు సంగతులు అడగండి. మొదటిది, చిన్నప్పుడు చూసిన నాటకం ఏది, ఎక్కడ చూసినారు? రెండోది, 1953లో ఇంట్లో ఏమి మాట్లాడుకున్నారు? ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. తెలుగు రాయడం రాకపోతే కన్నడం అక్షరాల్లో రాసి పంపినా సరే, నేను చదువుకుంటాను.

మా వాడు పోయేటప్పుడు సంచిలో ఒక కుప్పగల్లు రాయి వేసుకోబోయినాడు. తీసి పక్కన పెట్టించినాను. మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుపోయి దాని చోట్లోనే పెట్టాలి.