స్విస్ ఫ్రాంకు (సురక్షిత ద్రవ్యము)

స్విస్ ఫ్రాంకు స్విట్జర్లాండు, లీక్టెన్‌స్టెయిన్ దేశాలలో చెలామణీలో ఉన్న ద్రవ్యము. ఒక ఫ్రాంకుకు నూరు సెంటీములు. జర్మను మాట్లాడే ప్రాంతాలలో వీటిని రాపెన్ అంటారు. అమెరికా డాలరు విలువ తగ్గుతున్నదని తోచినప్పుడు మదుపరులు తమ ధనాన్ని మార్చి దాచుకొనే ద్రవ్యాలలో ఇది ముఖ్యమైనది. ఇటువంటి వాటిని సురక్షిత ద్రవ్యాలు అంటారు. ఈ ఆశ్రయము వలన వచ్చే ఖర్చును ఎక్కువగా భరించేది ఆశ్రయమిచ్చిన దేశమే.

చరిత్ర

1850కి పూర్వము స్విట్జర్లాండులోని కాంటన్లు, అనగా రాష్ట్రాలు, వేర్వేరు నాణెములను ముద్రించేవి. ఆ సంవత్సరపు చట్టముతో ఫ్రాంకు దేశమంతటికీ ఒకే ద్రవ్యమైనది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము విదేశీ ప్రభుత్వాలు 35 డాలర్లకు ఒక ఔన్సు చొప్పున అమెరికా నుండి బంగారము పొందగలిగేవి. 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ ఈ ఏర్పాటును నిలిపివేశాడు. 1973 జనవరిలో స్విట్జర్లాండు మారకపు రేటును విపణికి వదిలివేసినది. 1970లో నాలుగు ఫ్రాంకులకు పైగా పలికిన డాలరు, 1978 సెప్టెంబరు నాటికి సుమారు ఒకటిన్నర ఫ్రాంకులకు పడిపోయినది.

తటస్థ విదేశాంగ విధానము, తక్కువ ద్రవ్యోల్బణము, దిగుమతులను మించిన ఎగుమతులు, స్విస్ నేషనల్ బ్యాంకు వద్దనున్న వెయ్యి టన్నులకు పైబడిన బంగారము ఈ నమ్మకానికి కారణములు.

ఆశ్రయమిచ్చిన దేశపు చిక్కులు

ఫ్రాంకు విలువ పెరిగితే స్విస్ గడియారాలు, యంత్రాలు విదేశీయులకు ఖరీదవుతాయి. అందుచేత ఈ దేశము తన ద్రవ్యానికి వచ్చిన గిరాకీని తానే అడ్డుకోవలసి వచ్చినది. 1978లో విదేశీయుల ఫ్రాంకు డిపాజిట్లపై, నిర్ణీత పరిమితి దాటిన మొత్తానికి, మూడు నెలలకు 10 శాతము చొప్పున రుసుము విధించారు. బ్యాంకులో సొమ్ము దాచినవాడే ఎదురు చెల్లించుట అన్నమాట! అయినను ప్రవాహము ఆగలేదు. ఆ అక్టోబరులో నూరు జర్మను మార్కులకు 80 ఫ్రాంకుల కంటె ఎక్కువ ఉండేటట్లు చూస్తామని కేంద్ర బ్యాంకు ప్రకటించి, ఫ్రాంకులను విరివిగా విడుదల చేసినది. రేటు అదుపులోకి వచ్చినది గాని, 1981లో ద్రవ్యోల్బణము 6 శాతమును మించినది.

2011లో యూరో దేశాల అప్పుల సంక్షోభముతో అదే కథ పునరావృతమైనది. సెప్టెంబరు 6న యూరోకు 1.20 ఫ్రాంకులు కనీస రేటుగా నిర్ణయించి, 2015 జనవరి 15న ముందస్తు హెచ్చరిక లేకుండా ఎత్తివేశారు. కొద్ది రోజుల ముందు కూడా అధికారులు దానిని సమర్థించినందున విపణి నివ్వెరపోయినది. నిమిషాలలో ఫ్రాంకు సుమారు 30 శాతము వరకు పెరిగి, తరువాత కొంత దిగినది. స్విస్ ప్రజలు సరకులు కొనుటకు సరిహద్దు దాటి జర్మనీలోని కోన్‌స్టాంజ్ వంటి పట్టణాలకు వెళ్ళసాగారు.

ఫ్రాంకును అదుపు చేయుటకు కేంద్ర బ్యాంకు విదేశీ ద్రవ్యము కొనుగోలు చేయగా, 2020 డిసెంబరులో అమెరికా ఆర్థిక శాఖ స్విట్జర్లాండును మారకపు రేటును తారుమారు చేసే దేశముగా పేర్కొన్నది. 2021 ఏప్రిల్ నివేదికలో ఆ ముద్రను తొలగించినది. 2025లో అమెరికా సుంకాల ప్రకటనల పిమ్మట డాలరు 80 సెంటీములకు దిగువకు వచ్చినది. అదే ఏడాది జూనులో స్విస్ వడ్డీ రేటు సున్నకు చేరినది.

ఇతర ద్రవ్యాలు

జపాను యెన్‌ను కూడా చాలా కాలము ఈ కోవలోనే లెక్కించారు. కాని 2022లో అమెరికా వడ్డీ రేట్లు పెంచగా జపాను పెంచలేదు. డాలరు 150 యెన్‌లను దాటినది. ప్రపంచ కేంద్ర బ్యాంకుల నిల్వలలో డాలరు తరువాతి స్థానము యూరోది. ఫ్రాంకు వాటా ఒక శాతము కూడా లేదు. ఇంత చిన్న విపణి డాలరు స్థానమును భర్తీ చేయజాలదు.

అప్పు తీసుకొన్నవారికి ఫ్రాంకు ఆశ్రయము కాలేదు. వడ్డీ తక్కువని హంగరీ, పోలండులలో లక్షలాది కుటుంబాలు ఫ్రాంకులలో గృహ రుణాలు తీసుకొన్నాయి. జీతము మాత్రము ఫోరింటులలో, జ్లోటీలలో వచ్చేది. 2008 తరువాత ఫ్రాంకు పెరిగిన కొలదీ వారి బాకీ కూడా పెరిగినది. హంగరీ ప్రభుత్వము 2014 చివరలో ఈ రుణాలను ఫోరింటులలోకి మార్చే ఏర్పాటు చేసినందున అక్కడివారు 2015 జనవరి దెబ్బ తప్పించుకొన్నారు. పోలండు రుణగ్రస్తులు ఆ తరువాత ఏళ్ళ తరబడి న్యాయస్థానాల చుట్టూ తిరగవలసి వచ్చినది.