సర్వరు లేని దత్తాంశనిధి

చిన్న దుకాణపు పద్దులకు ఎట్టి డేటాబేసు కావలెను? దీనికి సమాధానము ఒక యుద్ధనౌక నుండి వచ్చినది. 2000 ప్రాంతమున అమెరికా నౌకాదళమునకై రిచర్డ్ హిప్ అను నాతడు ఒక ప్రోగ్రాము వ్రాయుచుండెను. నౌకకు దెబ్బ తగిలినచో ఏ కవాటములు మార్చవలెనో అది తెలుపవలెను. కాని దత్తాంశము నందించు సర్వరు నిలిచినచో ప్రోగ్రామును నిలిచిపోయెడిది. ప్రోగ్రామే నేరుగా ఫైలును చదువుకొనరాదా యని ఆయన తలచెను. 2000 ఆగస్టులో ఎస్‌క్యూలైట్ వెలువడినది. ఇందు పట్టికలన్నియు ఒకే ఫైలులో నిమిడియుండును. పని ముగిసిన పిదప ఆ ఫైలుకు నకలు తీసికొనిన పద్దులు భద్రము. అయితే ఒక పరిమితి కలదు: చదువువారు ఎందరైనను, ఒకసారికి వ్రాయువాడు ఒక్కడే. ఒక కంప్యూటరుతో నడచు దుకాణమునకు ఇది చాలును. పలువురు గుమాస్తాలు పలు కంప్యూటర్ల నుండి ఒకేసారి వ్రాయుచోట సర్వరే తగినది.