తెరమీద మన గల్లీ మాట

ఇంకో రెండు కట్టెలెయ్యి బిడ్డా, చలి బాగుంది. మొన్న సెల్లుల ‘ఒక్కడు’ చూసుకుంట ‘తాతా, చార్మినార్ ఎంత మంచిగ తీసిన్రో’ అన్నవ్ గదా. అది చార్మినార్ కాదురా, సెట్టు. 2003ల వచ్చిన సిన్మకు గుణశేఖర్ గోపన్‌పల్లి దిక్కు కట్టించిండు. అసలుదాని కాడ మహేశ్ బాబును నిలవెడితే షూటింగ్ అయితదా? గాజుల దుకాణాలు, తోపుడు బండ్లు, ఆటోలు, పైకెల్లి చూసెటోళ్ల గుంపు.

నాకు చార్మినార్ కనవడ్డా కనవడకున్నా ఒకటే. మన మాట ఎప్పుడు వినవడుతదా అని చూసెటోణ్ణి. మా అమ్మ షాలిబండల కూరగాయల బేరం తెలుగుల మొదలువెట్టేది, కోపమొస్తే దక్కనీల, అంటే మన హైదరాబాద్ ఉర్దూల ముగిచ్చేది. గసుంటి అమ్మ ఏ సిన్మల ఉన్నది చెప్పు? మద్రాసుల తీసిన తెలుగు సిన్మల జనం క్రిష్ణా, గుంటూరు దిక్కు మాట్లాడుదురు. హిందీ సిన్మల నవాబులు లక్నో ఉర్దూ పలుకుదురు. రెండూ ఎగవడి చూసినం, రెండిట్ల మనం లేము.

సిన్మ మనకు కొత్తేం కాదు. 1922లనే ధీరేన్ గంగూలీ అనే బెంగాలాయన నిజాం అండతోని ఈడ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టిండు. అప్పుడు మూగ సిన్మలు, ఏ మాట అన్న తకరారే లేదు. తకరారు వేరే దిక్కుకెల్లి వచ్చింది. ‘రజియా బేగం’ల ముస్లిం రాణి హిందువును ప్రేమిస్తదని నిజాం దొరవారికి కోపమొచ్చింది. గంగూలీ మూటాముల్లె సదురుకొని పోయిండు.

మన దక్కనీ తెరమీద వినవడ్డదంటే హిందీ కామెడీ నటుడు మహమూద్ నోట్ల. 1965ల ‘గుమ్‌నామ్’ల వంటోడి వేషం. థియేటరంత పడిపడి నవ్విన్రు, నేనూ నవ్విన. బయటికొచ్చినంక కొంచెం మంటలేసింది. మనం నోరు తెరిస్తే నవ్వుడేనా అని.

1974ల శ్యామ్ బెనెగల్ ‘అంకుర్’ తీసిండు. ఆయన మన అల్వాల్ దిక్కు పెరిగినాయనే. అండ్ల షబానా ఆజ్మీ లక్ష్మి. మూగ మొగణ్ని దొర కొడుకు కొరడతోని కొడుతుంటే అడ్డం వడి, వాణ్ని దక్కనీల తిట్టి పోస్తది. హాల్ల ఒక్కడు నవ్వలే. ఊరామె తెలుగుల తిట్టాలె గదా అంటవా? నిజమే. హిందీ సిన్మకు అంతకన్న దగ్గరగ రావుడు కష్టం.

తెలుగుల ఆ పని ‘మాభూమి’ చేసింది, 1980ల. గౌతమ్ ఘోష్ బెంగాలీ, నిర్మాతల్ల బి. నర్సింగరావు మనాయన, కథ క్రిషన్ చందర్ ఉర్దూల రాసిన నవల. తెలంగాణ రైతు గోస తెలుగు తెరకు ఉర్దూ పుస్తకంలకెల్లి వచ్చింది సూడు!

రెండేండ్లకు ‘బాజార్’. పాతబస్తీ పిల్లను పైసలకు గల్ఫ్‌ల ఉన్న ముసలోనికి కట్టవెట్టే కథ. సుప్రియా పాఠక్ ఏసింది. అండ్ల కవి మఖ్దూం గజల్ ఒకటున్నది, లతతోని తలత్ అజీజ్ పాడిండు. రాసినాయనా పాడినాయనా హైదరాబాదోళ్లే. పాట తియ్యగుంటది గని, ఆ సిన్మ చూసిన రాత్రి నాకు అన్నం సయించలే. అసుంటి నిఖాలు మన పక్క గల్లీలల్ల అయినయి.

ఇగ ‘ద అంగ్రేజ్’ సంగతి నీకు తెలుసు. పెద్ద స్టార్ లేడు, పెద్ద సెట్టు లేదు. అసలు చార్మినార్ కాడ ఇస్మాయిల్ భాయ్ దోస్తులను కూసోవెట్టుకొని కోతలు కోస్తుంటడు. సలీం ఫేకు ఇంకింత కోస్తడు. మళ్ల నవ్వుడే గదా అంటవ్. మహమూద్ కాలంల బయటోళ్లు మనల చూసి నవ్విన్రు. ఇండ్ల మనకు మనమే నవ్వుకున్నం, ఆ నవ్వు వేరేరా. సీడీలు చేతులు మారి మారి గీతలు వడ్డయి. ఇస్మాయిల్ భాయ్ ఏసినాయన అసలు పేరు ధీర్ చరణ్ శ్రీవాస్తవ. నువ్వు ఆ పేరు చెప్పి అడిగితే మన గల్లీల ఎవలూ గుర్తువట్టరు.